నదిలో తిరిగే మంచు బిళ్ళను గుండ్రంగా చెక్కేదెవరు?

జనవరి వచ్చిందంటే బెంగళూరులో మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లోకి ఒక వీడియో తప్పకుండా వస్తుంది. గడ్డకట్టిన నది, దాని మధ్యలో ఒక పెద్ద మంచు బిళ్ళ. ఎక్కడా వంకర లేని గుండ్రటి అంచు. అది ఉన్నచోటనే ఉండి నెమ్మదిగా తిరుగుతుంటుంది. పొద్దున్నే ఒక పెద్దాయన సుదర్శన చక్రం అని దండాలు పెడుతూ ఫార్వర్డ్ చేస్తారు. మధ్యాహ్నానికి ఒక కుర్రాడు "ఏఐ వీడియో, నమ్మకండి" అంటాడు. రాత్రికి ఎవరో ఇంజినీరు గారు "భూభ్రమణం వల్ల వచ్చే కొరియాలిస్ ప్రభావం" అని తేల్చేస్తారు. ఈమధ్య ఇంకో వివరణ కూడా చేరింది. నీరు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది కాబట్టి బిళ్ళ తిరుగుతోందని. ఈ చివరిది నిజమైన సైన్సే. నిజమైన ప్రయోగం నుంచే వచ్చింది. అయినా నదిలో తిరిగే బిళ్ళకు అది జవాబు కాదు. ఎందుకు కాదో తెలిస్తే, అసలు జవాబు దానంతటదే దొరుకుతుంది.

ముందు అనుమానం తీర్చుకుందాం. ఇలాంటి బిళ్ళలు నిజంగానే ఏర్పడతాయి. 2019 జనవరిలో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, వెస్ట్‌బ్రుక్ అనే ఊళ్ళో, ప్రిసంప్‌స్కాట్ నది మీద కనిపించినది అన్నిటికన్నా పేరు తెచ్చుకుంది. అడ్డంగా సుమారు 300 అడుగులు, అంటే 90 మీటర్ల పైమాట. అపసవ్య దిశలో తిరిగింది. బాతులు దాని మీదికెక్కి కూర్చుని తిరిగాయి. ఊరివాళ్ళు ఒడ్డున గుంపులుగా నిలబడి చూశారు. 2013 నవంబరులో నార్త్ డకోటాలోని షయెన్ నదిలో సుమారు 55 అడుగుల బిళ్ళ కనిపించింది. స్వీడన్‌లోని పీటే నదిలో దాదాపు 50 మీటర్ల బిళ్ళల గురించి బో నార్డెల్, గ్యోరాన్ వెస్టర్‌స్ట్రోమ్ అనే ఇద్దరు 1997లో వెదర్ అనే పత్రికలో రాశారు. ఇంకా వెనక్కి వెళితే, అమెరికాలోని మియానస్ నదిలో తిరుగుతున్న ఒక బిళ్ళ గురించి 1895లోనే సైంటిఫిక్ అమెరికన్ అచ్చువేసింది. డ్రోన్లు, ఏఐ ఏవీ లేని కాలం అది.

అయితే వాట్సాప్‌లో తిరిగే వాటిలో మనుషులు చేసినవి కూడా ఉంటాయి. ఫిన్లాండ్‌లో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో గడ్డకట్టిన చెరువు మీద రంపంతో పెద్ద వృత్తం కోసి, పడవ మోటారు బిగించి తిప్పడం ఒక వేడుక. ఐస్ కరౌసెల్ అంటారు. వాటిని పోల్చుకోవడం తేలికే. అంచు రంపపు కోతతో నున్నగా ఉంటుంది, పైన మనుషులు, కుర్చీలు, చలిమంటలు కనిపిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, అది ప్రవాహం లేని చెరువు. మనం మాట్లాడుకోబోయేది పారే నీటి గురించి.

ఇందులో మూడు ప్రశ్నలు ఒకదానికొకటి చిక్కుపడి ఉన్నాయి. బిళ్ళ ఎందుకు తిరుగుతోంది? ఎందుకు గుండ్రంగా ఉంది? పారే నీటిలో ఉండి కూడా కొట్టుకుపోకుండా అక్కడే ఎలా ఉంది? చాలామంది మొదటిదానికి జవాబు చెప్పి మిగతా రెండూ వదిలేస్తారు. కానీ మూడో ప్రశ్న నుంచి మొదలుపెడితేనే చిక్కు విడుతుంది.

నది నీరంతా ఒకే దిక్కుకు పోదు. ఒడ్డు మలుపు తిరిగిన చోట, బండరాయి అడ్డొచ్చిన చోట, ఇరుకైన పాయ ఒక్కసారిగా వెడల్పైన చోట, మధ్యలోని వేగమైన ప్రవాహం ఒడ్డును అంటుకుని పోలేక విడిపోతుంది. అప్పుడు ఒడ్డు చాటున ఉన్న నీరు వెనక్కి మళ్ళి గుండ్రంగా తిరగడం మొదలవుతుంది. మనుషుల్ని లోపలికి లాగేసే సుడిగుండం గురించి కాదు నేను చెప్పేది. ఒడ్డు పక్కన వెడల్పుగా, నిదానంగా తిరిగే నీటి సుడి. ఒడ్డు ఆకారం మారనంతకాలం, నీటి మట్టం మరీ మారనంతకాలం ఆ సుడి అక్కడే ఉంటుంది. దానిలో చిక్కిన ఆకైనా, కొమ్మైనా, నురుగైనా బయటికి పోవడం కష్టం. మంచు కూడా అంతే. బిళ్ళ ఆగిపోలేదు, దాన్ని పట్టుకున్న సుడి ఆ చోటు వదలదు, అంతే సంగతి. వెస్ట్‌బ్రుక్‌లో మరుసటి శీతాకాలంలో కూడా అదే చోట మళ్ళీ బిళ్ళ రూపుకట్టడం మొదలైందంటే కారణం ఇదే. నీరు కొత్తది, మంచు కొత్తది, ఒడ్డు మాత్రం పాతదే.

దీన్ని చూడ్డానికి మంచు దేశం పోనక్కర్లేదు. బెంగళూరులో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 1884 జనవరిలో 7.8 డిగ్రీలు. ఇక్కడ చెరువు గడ్డకట్టే ముచ్చటే లేదు. కానీ మన దురదృష్టం కొద్దీ నురుగు ఉంది. వర్తూరు, బెళ్ళందూరు చెరువుల నురుగు రోడ్ల మీదికి వచ్చి వార్తలకెక్కిన సంగతి అందరికీ తెలిసిందే. మారతహళ్ళి వైపు ఉండేవాళ్ళు గట్టి వాన పడ్డాక రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) మీది కల్వర్టు దగ్గర కాసేపు గమనించండి. నీరు తూములోంచి దూకి వెడల్పైన చోట, గోడ మూలన, తెల్లటి నురుగు పోగై ఉంటుంది. కాలువ మధ్యలో చెత్త బాణంలా దూసుకుపోతున్నా ఆ మూల నురుగు మాత్రం కదలదు. కొంచెం నిదానించి చూస్తే అది కదులుతోంది, తనలో తాను తిరుగుతోంది. ప్రధాన ధార వైపున్న అంచు ముందుకు, గోడ వైపున్న అంచు వెనక్కి. మొదట చిందరవందరగా ఉన్న నురుగు కాసేపటికి గుండ్రంగా సర్దుకుంటుంది. పక్క నుంచి కొత్త నురుగు వచ్చి అంటుకుంటుంది, ధార తగిలిన చోట కొంత తెగిపోతుంది. ఆ నురుగు చూస్తే మనసు చివుక్కుమంటుంది, చెరువులకు మనం ఏం చేశామో అది చెబుతోంది కాబట్టి. ఆ బాధ పక్కన పెట్టి కదలికను మాత్రమే చూస్తే, ప్రిసంప్‌స్కాట్ నదిలో జరిగిందీ ఇదే. అక్కడ నురుగు బదులు మంచు.

ఇప్పుడు తిరగడం సంగతి. బిళ్ళకు ఒక పక్క ప్రవాహం ముందుకు లాగుతోంది, రెండో పక్క వెనక్కి మళ్ళిన నీరు ఎదురు దిక్కుకు లాగుతోంది. కవ్వానికి చుట్టిన తాడును ఒక చేత్తో ముందుకు, ఇంకో చేత్తో వెనక్కి లాగితే కవ్వం ఎటూ పోకుండా ఉన్నచోటనే తిరుగుతుంది కదా, ఇదీ అంతే. రెండు లాగుళ్ళూ కలిసి బిళ్ళను ఎటూ జరపవు, తిప్పుతాయి. మంచు తేలుతూ ఉంటుంది కాబట్టి కింద నేలతో రాపిడి లేదు. 90 మీటర్ల బిళ్ళ 20 సెంటీమీటర్ల మందం ఉందనుకుంటే దాని బరువు 1100 టన్నులు దాటుతుంది. అంత బరువును కూడా నెమ్మదైన నీరు తిప్పగలుగుతోందంటే అది గంటల తరబడి, కింది భాగమంతా తడుముతూ లాగడం వల్లే. ఇందులో మోటారు నది ప్రవాహమే.

ఇక్కడే కొరియాలిస్ వాదన కూడా తేలిపోతుంది. భూమి తిరగడం వల్ల గాలులు, సముద్ర ప్రవాహాలు పక్కకు మళ్ళుతాయి, నిజమే. బంగాళాఖాతంలో పుట్టే తుఫాన్లన్నీ అపసవ్య దిశలో తిరిగేది అందుకే. తుఫాను అంటే వందల కిలోమీటర్ల వెడల్పు, రోజుల తరబడి సాగే కదలిక. నదిలో సుడి సంగతి వేరు. సెకనుకు అర మీటరు వేగంతో నీరు 90 మీటర్ల బిళ్ళను దాటడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆ మూడు నిమిషాల్లో భూమి తిరిగేది ముప్పావు డిగ్రీ. ఒడ్డు మలుపు అదే నీటిని పదుల డిగ్రీలు తిప్పేస్తుంది. ఈ రెంటిలో ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. వెస్ట్‌బ్రుక్ బిళ్ళ తుఫానులాగే అపసవ్య దిశలో తిరిగింది కాబట్టి చాలామందికి లెక్క కుదిరినట్టు అనిపించింది. కానీ అది కాకతాళీయం.

ఏ దిక్కుకు తిరుగుతుందో మీరే చెప్పేయొచ్చు. నీరు పోయే వైపు ముఖం పెట్టి నిలబడండి. సుడి ఎడమ ఒడ్డు చాటున ఉంటే ప్రధాన ప్రవాహం దానికి కుడివైపు ఉంటుంది. కుడి అంచు ముందుకు పోతుంది, ఎడమ అంచు వెనక్కి వస్తుంది. పైనుంచి చూస్తే అపసవ్య దిశ. అదే కుడి ఒడ్డు చాటున ఉంటే సవ్య దిశ. అమెరికా అయినా ఆస్ట్రేలియా అయినా ఇదే లెక్క. బెంగళూరు నుంచి వారాంతాల్లో అర్కావతి కావేరిలో కలిసే సంగమానికి వెళ్ళేవాళ్ళు ఆకులు, పుల్లలు తిరిగే తీరు చూసి సరిపోల్చుకోవచ్చు. కానీ గట్టు మీద నుంచే చూడండి. అక్కడా, దిగువన మేకెదాటులోనూ నీళ్ళలోకి దిగడం ప్రాణాలతో చెలగాటం.

ఇక 4 డిగ్రీల వాదన. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయంలో స్టెఫాన్ డోర్బోలో బృందం చేసిన ప్రయోగం 2016లో ఫిజికల్ రివ్యూ ఇ పత్రికలో వచ్చింది. వాళ్ళు ప్రయోగశాల పళ్ళెంలో నీళ్ళు గడ్డకట్టించి, అరచేతి వెడల్పు మంచు బిళ్ళ చేశారు. అందులో చిన్న నికెల్ పూస పెట్టి, అయస్కాంతంతో బిళ్ళ గోడలకు తగలకుండా మధ్యలోనే ఉండేలా చూసుకున్నారు. తొట్టెలో నీరు నిశ్చలంగా ఉంది. అయినా బిళ్ళ తిరిగింది. నీరు ఎంత వెచ్చగా ఉంటే అంత వేగంగా తిరిగింది.

కారణం ఇదీ. చాలా ద్రవాలు చల్లబడేకొద్దీ బరువెక్కుతూ పోతాయి. నీరు మాత్రం సుమారు 4 డిగ్రీల దాకా బరువెక్కి, అక్కడి నుంచి సున్నా దాకా మళ్ళీ తేలికవుతుంది. తేడా చాలా చిన్నది. ఒక ఘనపు మీటరు నీరు 4 డిగ్రీల దగ్గర 999.97 కిలోలు తూగితే, సున్నా దగ్గర 999.84 కిలోలు. 20 డిగ్రీల దగ్గర 998.2 కిలోలు. గది వేడిలో ఉన్న నీటిలో మంచు తేలుతుంటే, దాని కిందున్న నీరు చల్లబడి చుట్టుపక్కల నీటికన్నా బరువెక్కి కిందికి జారుతుంది. ఖాళీ అయిన చోటికి పక్కల నుంచి నీరు లోపలికి వస్తుంది. అలా లోపలికి ముడుచుకునే నీటిలో ఏ కాస్త తిరుగుడు ఉన్నా అది పెరిగి, నిలువుగా దిగే సుడి తయారవుతుంది. ఆ సుడి తన మీదున్న బిళ్ళను కూడా తిప్పుతుంది.

ఇందులో నీరు దిగడం ఇంట్లో ఎవరైనా చూడొచ్చు. ఒక స్టీలు మూతలో నీళ్ళు పోసి ఫ్రీజర్‌లో పెట్టి గట్టిపడనివ్వాలి. వెడల్పాటి పారదర్శకపు డబ్బాలో మామూలు కుళాయి నీళ్ళు నింపి, అరగంట కదపకుండా వదిలేయాలి. మంచు బిళ్ళను మెల్లగా తేలేయాలి. రెండు నిమిషాలాగి అంచు దగ్గర ఒక్క చుక్క సిరా వేసి, పక్క నుంచి చూడాలి. సిరా మొదట అడ్డంగా బిళ్ళ కిందికి పాకుతుంది. ఆ తర్వాత సన్నటి దారాలుగా విడిపోయి నిలువునా అడుగుకు జారుతుంది. అడుగు తగిలాక పక్కలకు విచ్చుకుంటుంది. గాలికి, చెయ్యి తగిలినదానికి డబ్బాలో నీరు ఎలాగూ కాస్త కదులుతుంది కాబట్టి, బిళ్ళ తిరిగితే అది ఎందుకు తిరిగిందో చెప్పడం కష్టం. కానీ ఆ దిగే దారాలు మాత్రం స్పష్టం. పిల్లలకు ఇది ఒక్కసారి చూపిస్తే చాలు, పాఠంలో చదివిన 4 డిగ్రీలు జన్మలో మర్చిపోరు.

మరి ఇంత చక్కటి వివరణ నదికి ఎందుకు వర్తించదు? నది చెరువు కాదు కాబట్టి. చలికాలం చెరువులో నీరు పొరలు పొరలుగా ఉంటుంది. పైన మంచు, దాని కింద సున్నాకు దగ్గరగా ఉన్న తేలిక నీరు, అడుగున 4 డిగ్రీల బరువైన నీరు. చేపలు బతికి బట్టకట్టేది ఆ అడుగు పొరలోనే. పారే నది ఈ పొరల్ని నిలవనివ్వదు. పైనీరు కిందికి, కిందినీరు పైకి కలిసిపోతూ ఉంటుంది. గడ్డకట్టే రోజుల్లో పైనుంచి అడుగు దాకా నీరంతా దాదాపు సున్నా డిగ్రీలే. అలాంటి నీటిలో మంచు కింద దిగడానికి ఏమీ ఉండదు, ఎందుకంటే చుట్టూ ఉన్న నీరు కూడా అంతే చల్లగా ఉంది. ఒకవేళ నీరు రెండు డిగ్రీల దగ్గర ఉందనుకున్నా లెక్క తిరగబడుతుంది. కరిగి వచ్చే సున్నా డిగ్రీల నీరు దానికన్నా తేలిక. అది దిగదు, పైనే ఉండిపోతుంది. తేలు మంత్రం పాముకు వెయ్యకూడదంటారే, అలా నిశ్చలమైన వెచ్చటి తొట్టె సూత్రాన్ని గడ్డకట్టే ప్రవాహానికి అంటగట్టకూడదు. పైగా లీజ్ బిళ్ళ కరుగుతూ తిరిగింది. నదిలో బిళ్ళ పెరుగుతూ తిరుగుతుంది. ఈ ఒక్క తేడా చాలు. ఆ ప్రయోగం విలువ నా దృష్టిలో ఏమాత్రం తగ్గలేదు. వెచ్చటి నీటిలో తేలే మంచు గురించి అది నిజంగా కొత్త విషయం చెప్పింది. దాన్ని నది వీడియో కింద అతికించినవాళ్ళదే తొందరపాటు.

బిళ్ళ పెరిగే తీరులోనే గుండ్రటి రూపం రహస్యం ఉంది. బాగా చలిగా ఉన్న రాత్రి, కదిలే నీరు సున్నాకు కూడా కాస్త కిందికి దిగుతుంది. ఎంతో కాదు, డిగ్రీలో పదో వంతు కన్నా తక్కువే. ఆ నీటిలో కొన్ని మిల్లీమీటర్లు మించని మంచు రేకులు లక్షల కొద్దీ పుడతాయి. ఫ్రేజిల్ అంటారు వీటిని. దేన్ని తగిలితే దాన్ని అంటుకుంటాయి. నది అడుగు రాళ్ళకు అంటుకుంటాయి. జలవిద్యుత్ కేంద్రాల్లో నీరు లోపలికి తీసుకునే ఇనుప జాలీలకు అంటుకుని నీటినే ఆపేస్తాయి. ఎరీ సరస్సు నుంచి నయాగరా నది మొదలయ్యే చోట 1964 నుంచి ఏటా శీతాకాలంలో తేలే అడ్డుకట్ట ఒకటి కడుతున్నారు. సరస్సు మంచు కొట్టుకొచ్చి దిగువనున్న విద్యుత్ కేంద్రాలకు అడ్డం పడకుండా చూడడం దాని పని. నది మీద మంచు ఎక్కడ పోగవుతుంది, ఎలా కదులుతుంది అన్నది వింత చూసేవాళ్ళకే కాదు, కరెంటు తీసేవాళ్ళకు కూడా పట్టిన విషయం.

ఈ రేకులు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన మంచు ముక్కలు సుడిలో చిక్కి ముద్దగా కలుస్తాయి. మొదట ఆ ముద్దకు మూలలుంటాయి, వంకరలుంటాయి. అది తిరుగుతోంది కాబట్టి, ముందుకు పొడుచుకొచ్చిన ప్రతి మూలా ఒడ్డు మంచును గుద్దుకుని విరుగుతుంది. లోపలికి నొక్కుకుపోయిన చోట కొత్త ఫ్రేజిల్ చేరి పూడుస్తుంది. పొడుచుకొచ్చింది అరుగుతుంది, పల్లమున్నది నిండుతుంది. ఇలా గంటలు గడిస్తే మిగిలేది ఒక్కటే ఆకారం. తిరిగేటప్పుడు తన చుట్టూ ఉన్నదాన్ని ఏ మూలతోనూ తాకని ఆకారం వృత్తం ఒక్కటే కదా.

చాలామంది గమనించని సంగతి ఇంకొకటుంది. గుండ్రంగా తయారయ్యేది బిళ్ళ ఒక్కటే కాదు, దాని చుట్టూ ఉన్న గుంత కూడా. ఒడ్డు నుంచి మంచు లోపలికి పెరుగుతూ వస్తుంది. తిరిగే బిళ్ళ అంచు తగిలినచోట ఆగిపోతుంది. బిళ్ళ గుంతను చెక్కుతోంది, గుంత బిళ్ళను చెక్కుతోంది. అందుకే రెండింటి మధ్య సందు అంత సన్నగా, చుట్టూ ఒకే తీరుగా కనిపిస్తుంది. వీడియోలో ఆ సందులో నలిగిన మంచు గుజ్జు కనిపిస్తే అది ఆ రాపిడి వల్ల రాలిన పొడే. మహారాష్ట్రలో నిఘోజ్ దగ్గర కుకడీ నది అడుగు రాతిలో ఉన్న గుండ్రటి గుంతల గురించి వినే ఉంటారు. అక్కడ సుడిలో చిక్కిన రాళ్ళు తిరిగి తిరిగి నల్లరాతినే తొలిచాయి. రాతికి యుగాలు పట్టిన పని మంచుకు ఒకటి రెండు రాత్రుల్లో అయిపోతుంది.

అంటే, బిళ్ళ తిరిగేది గుండ్రంగా ఉన్నందుకు కాదు, తిరుగుతోంది కాబట్టే గుండ్రంగా అయింది. ఇది పట్టుకుంటే మిగతాదంతా వరసలో పడుతుంది. పెద్ద బిళ్ళలు ఎందుకంత అరుదో కూడా అర్థమవుతుంది. ఒడ్డు చాటున నిలకడైన సుడి ఉండాలి, అది వెడల్పుగా ఉండాలి. మంచు పుట్టేంత చలి ఉండాలి కానీ, సుడి కూడా గడ్డకట్టేంత ఉండకూడదు. చలి మరీ ముదిరితే ఆ సన్నటి సందు గడ్డకట్టి బిళ్ళ ఒడ్డుకు అతుక్కుంటుంది, తిరగడం ఆగిపోతుంది. ఎండ కాసినా, నీటి మట్టం మారినా ముక్కలవుతుంది. ఈ రెండింటి మధ్య దొరికే కొద్ది రోజులే దాని ఆయుష్షు. మీటరు, రెండు మీటర్ల చిన్న బిళ్ళలు మాత్రం చలిదేశాల వాగుల్లో ఇంత అరుదేమీ కాదు. ఎవరూ ఆగి చూడరు, అంతే.

బెంగళూరులో మనం ఉన్నా, పిల్లలో, అన్నదమ్ముల పిల్లలో మిన్నెసోటాలోనో టొరంటోలోనో ఉండని తెలుగిల్లు ఇప్పుడు తక్కువ. ఈ చలికాలం వాళ్ళకు ఒక మాట చెప్పండి. వంతెన మీద నడిచేటప్పుడు నది మలుపు లోపలి వైపు, వంతెన స్తంభాల వెనక ఒకసారి చూడమనండి. బిళ్ళ కనిపిస్తే వీడియో తీసేటప్పుడు దగ్గరి ఒడ్డు, ప్రధాన ప్రవాహం రెండూ ఫ్రేములో పడేలా తీయమనండి. ఒక పూర్తి చుట్టుకు ఎంత సేపు పట్టిందో కూడా చూడమనండి. అంతమాత్రం సమాచారం ఉంటే మా గ్రూపులో ఈసారి కొరియాలిస్ గొడవ ఐదు నిమిషాల్లో తేల్చేయొచ్చు. ఎంత గట్టిగా కనిపించినా దాని మీద మాత్రం అడుగు పెట్టొద్దని గట్టిగా చెప్పండి. బాతులను మోసిన మంచు మనిషిని మోస్తుందన్న భరోసా లేదు, చుట్టూ ఉన్న సందులో నీరు సున్నా డిగ్రీలు, కిందున్నది పారే నది.